బట్ట తొక్కిన రాయి

నేను ఒక రాయిని. మాట్లాడటం నాకు అలవాటు లేదు. కోపం వచ్చింది కాబట్టి మాట్లాడుతున్నాను. ఇది నిన్నటి కోపం కాదు, మూడు వందల ఏళ్ల నాటిది. రాయి తొందరగా వేడెక్కదు. వేడెక్కితే తొందరగా చల్లారదు.

చైనా దేశంలో సూచౌ అని ఒక నగరం. మీకు వీధులున్నట్టు దానికి కాలవలు. ఆ రోజుల్లో దేశంలో నాలుగు మూలలకూ నూలు బట్ట అక్కణ్నించి పోయేది. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు నేసేవారు. నగరంలో అద్దకం వేసేవారు. అద్దకం అయ్యాక బట్ట ముడతలు పడి, గరుకుగా, గోనెలా ఉంటుంది. అలా ఉంటే ఎవరూ కొనరు. మెరవాలి. చెయ్యి వేస్తే జారాలి. ఆ మెరుపు తేవడానికి నన్ను చేశారు.

కొండలోంచి చీల్చి తీశారు. అడుగు గుండ్రంగా, రెండు కొసలూ కొమ్ముల్లా పైకి లేచేలా చెక్కారు. చూడ్డానికి పడవలా ఉంటాను. తేలే పడవను కాను. మోకులు వేసి గుంపంతా లాగితే గాని కదలను. అద్దిన బట్టను కర్ర దుంగకు చుట్టి నా కింద పెడతారు. ఒక మనిషి నా మీదకెక్కి, ఈ కొమ్ము మీద ఒక కాలు, ఆ కొమ్ము మీద ఒక కాలు పెట్టి, పైన కట్టిన అడ్డకర్ర పట్టుకుని ఊగుతాడు. వాడు ఊగితే నేను ఊగుతాను. నేను ఊగితే కింద దుంగ దొర్లుతుంది. బట్ట నలిగి, బిగిసి, చివరికి మెరుస్తుంది. పొద్దున్నించి పొద్దుగూకేదాకా ఇదే పని. ఒకసారి ఎవరో పెద్దమనుషులు పడవలో పోతూ మా కొట్టంలోకి తొంగిచూసి, ఎంత చక్కగా ఉయ్యాలూగుతున్నారో అని మెచ్చుకున్నారు. దిగి ఊగి చూడలేదు.

బట్ట తొక్కినవాడిది కాదు, షావుకారుది. షావుకార్లు హుయీచౌ అనే కొండ ప్రాంతం నుంచి వచ్చి సూచౌలో దుకాణాలు పెట్టినవాళ్లు. మీరిప్పుడు బ్రాండు అంటారే, అది వాళ్లకి అప్పుడే తెలుసు. ప్రతి బట్ట తాను కొసనా దుకాణం పేరు ఎర్రగా ముద్ర వేసి ఉండేది. మా కొట్టానికి ఎక్కువగా వచ్చేది హెంగ్ యీ దుకాణం సరుకు. రెండే అక్షరాలు. ఉత్తరాది నుంచి వచ్చే బేరగాళ్లు బట్ట విప్పి చూసేవారు కాదు. కొస చూసేవారు. ముద్ర ఉంటే చాలు, మూట కట్టించేవారు.

వేరే దుకాణం బట్ట కూడా నా కిందకే వచ్చేది. అదే మగ్గం, అదే అద్దకం, అదే రాయి, అవే కాళ్లు. పొద్దున హెంగ్ యీ, మధ్యాహ్నం ఆ రెండోది. బజార్లో ఒక ఆసామి రెండూ నిమిరి చూసి, "హెంగ్ యీ హెంగ్ యీయే. ఆ నునుపు ఇంకోళ్లకి రాదు" అన్నాడట. నాకు నవ్వే అలవాటు లేదు గాని, ఉంటే ఆ రోజు నవ్వేదాన్ని.

ఇంకో సంగతి. దర్జీ బట్ట కత్తిరించాక ముద్ర ఉన్న పీలికను దుకాణానికి తెచ్చి ఇవ్వాలి. ఇస్తే చిన్న బహుమానం. దానికోసం దర్జీలు వచ్చినవాడికల్లా హెంగ్ యీ బట్టే తెచ్చుకోమని చెప్పేవారు. దుకాణానికి రెండు లాభాలు. పేరు పాకుతుంది, ముద్ర మాత్రం నకలు కొట్టేవాళ్ల చేతిలో పడి ఊరి మీద తిరగదు. బట్ట ఎక్కడికైనా పోవచ్చు, పేరు ఇంటికి తిరిగి రావాలి. మనిషి ఇంటికి తిరిగి వచ్చాడా లేదా అని అంత పట్టింపు నేను ఎక్కడా చూడలేదు.

నా మీద చాలామంది ఎక్కారు. ఇద్దరి గురించి చెబుతాను.

మొదటివాడు యాన్. ఉత్తరాన వరదలొచ్చి ఊరు కొట్టుకుపోతే వచ్చినవాడు. పడుచువాడిగా ఎక్కాడు, నా మీదే జుట్టు నెరిసింది. రెండోవాడు మెంగ్. యాన్ జిల్లావాడే, వయసులో చాలా చిన్న. వచ్చిన మొదటి రోజు నా మీద నిలబడి గజగజలాడాడు. యాన్ కింద కూర్చుని పొగాకు గొట్టం పీలుస్తూ చూశాడు.

"ఏరా, కొత్త పెళ్లికూతురిలా ఆ అడుగులేంటి? రాయికి సిగ్గు లేదు. గట్టిగా తొక్కు."

"జారుతోంది అన్నా."

"జారేది రాయి కాదు, నీ నడుం. కాళ్లతో తొక్కితే పండగదాకా బతుకుతావు. నడుంతో తొక్కితే నాలా ముసలాడివవుతావు."

"నీలా అయితే ఏం వస్తుంది?"

"మోకాళ్లు పోతాయి. నోరు మిగుల్తుంది."

యాన్ సరిగ్గానే చెప్పాడు. మోకాళ్లు పోయాయి. ఒక రోజు కొమ్ము మీద కాలు పెట్టబోయి, పెట్టలేక, నన్ను పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. తర్వాత దగ్గు మొదలైంది. మర్నాటి నుంచి నా మీద మెంగ్ నిలబడ్డాడు.

ఇక్కడ ఆ నగరం పద్ధతి ఒకటి చెప్పాలి. బట్ట తొక్కేవాళ్లందరూ బయట జిల్లాల వాళ్లు, ఒంటరివాళ్లు. వాళ్లకి కొట్టం నడిపే మేస్త్రి పూచీ. మా మేస్త్రి పేరు లియావ్. పని చేసినంతకాలం పూచీ ఉంటుంది, కొట్టం వెనక పడుకోవడానికి చోటుంటుంది. పని చెయ్యలేనినాడు పూచీ తీసేస్తాడు. పూచీ లేని పరాయివాడికి సత్రంవాడు కూడా చాప వెయ్యడు. వేస్తే వాణ్నీ పట్టుకుపోతారు. లియావ్ యాన్ చాప చుట్టి వాకిట్లో పెట్టాడు. కోపంగా పెట్టలేదు. బాగా చుట్టి, తాడు కట్టి, నిలబెట్టాడు. దానికే నాకు ఒళ్లు మండింది.

"ఊరికి పోరాదా?" అన్నాడు.

"నడిచి పొమ్మంటావా?" అన్నాడు యాన్, మోకాళ్లు చూపించి.

వానలు మొదలయ్యే రోజులవి. ఆల్‌బకరా పళ్లు పండే వేళ ఆ దేశంలో ఒక వాన పడుతుంది. కుండపోత కాదు. సన్నగా, ఆగకుండా, గోడలకు బూజు పట్టేలా పడుతుంది. యాన్ కొట్టంలో వాళ్లందరి వైపూ చూసి ఒక్క మాట అడిగాడు.

"అన్నం సంగతి వదిలెయ్యండి. వాన పడని చోటొకటి చూడండిరా. తడిసి చావడం నాకు ఇష్టం లేదు."

అంతకంటే ఎక్కువ అడగలేదు. మీరు ఇది గుర్తుపెట్టుకోవాలి. బట్టకు మెరుపు తెచ్చి తెచ్చి మోకాళ్లు పోగొట్టుకున్న మనిషి ఆ మహానగరంలో అడిగింది ఒక కప్పు.

మెంగ్ ఊరుకోలేదు. మా వీధిలో కొట్టాలన్నీ తిరిగాడు. తలా కాస్తా వేసుకున్నారు. కాలవ గట్టున ఒక పాత అద్దకం పాక ఖాళీగా ఉంటే మాట్లాడారు. గడ్డి సర్దారు, నేల అలికారు, పలకలు వేశారు. యాన్‌ని వీపు మీద మోసుకెళ్లి పడుకోబెట్టారు. వేరే కొట్టాల నుంచి కూడా పనికి పోలేనివాళ్లు వచ్చి చేరారు. మెంగ్ పనికి వచ్చి నా మీద ఊగుతూ పక్కరాతి వాడితో చెప్పేవాడు, ముసలాడు అక్కడ కూడా అందరికీ నడుం పాఠం చెబుతున్నాడని.

నాలుగు రోజులు గడవకముందే ఆ వాడ పెద్ద వచ్చాడు. వాకిట పేరు రాసిన బల్ల లేకపోతే అది దొంగల అడ్డాయో జూదం కొంపో అని రాసుకోవాల్సి వస్తుందన్నాడు. బల్ల ఉంటే ధర్మశాల అని రాసుకుంటాడు.

ఏం పేరు పెట్టాలి? వాళ్లలో ఎవరికీ చదువు లేదు. రాతగాడి దగ్గరికి పోతే, పేరు మీరు చెప్పండి నేను రాస్తానన్నాడు. పేరు అంటే ఏం చెప్పాలో వాళ్లకి తెలియలేదు. కొట్టంలోనే మాట్లాడుకున్నారు, నా పక్కనే. నేను విన్నాను.

మెంగ్ అన్నాడు, "మనకొచ్చిన అక్షరాలు రెండున్నాయి కదా."

నా కిందనుంచి అప్పుడే తీసిన తాను కొస పట్టుకుని చూపించాడు.

"అది షావుకారుది కదరా," అన్నాడు ఒకడు.

"షావుకారు ఎప్పుడన్నా తొక్కాడా? రోజూ దాన్ని కాళ్లకింద పెట్టుకునేది మనం. దేశంలో ఎవడు చూసినా, ఇది మంచిది, మోసం లేదు అనుకుంటాడు. మన పాకకి అంతకంటే మంచి మాట ఎక్కడ దొరుకుతుంది?"

"నిజమే. దీన్ని చూసి బేరగాళ్లే నమ్ముతుంటే, వాడ పెద్ద నమ్మడా?"

నవ్వుకున్నారు. ఒప్పుకున్నారు. ఏడాదుల తరబడి ఒక ముద్రను కాళ్లతో నొక్కినవాడికి అది తనదే అనిపిస్తుంది. చదువుకున్నవాడు ఆ పొరపాటు చెయ్యడు. వాడికి పేరు ఒకరిదీ పని ఒకరిదీ అని ముందే నేర్పుతారు. మెంగ్ ఒక పలక మీద మసితో, నాలుక బయటపెట్టి, తాను కొస చూస్తూ ఆ రెండు అక్షరాలూ దించాడు. ఒక్క గీత తప్పు పోలేదు. పాక వాకిట కట్టాడు. యాన్ పడుకునే చూసి, "మెరుపు తక్కువైంది, కాస్త తొక్కు" అన్నాడట.

హెంగ్ యీ దుకాణం గుమాస్తా ఒకడుండేవాడు, హోంగ్ అని. మెత్తటి మనిషి. గొంతు పెంచి ఎరగడు. ఉత్తరాది బేరగాళ్లను పడవలో తీసుకొస్తూ ఆ కాలవలో పోయాడు. పాక చూశాడు. లోపల దగ్గుతున్న మనుషుల్ని చూశాడు. పైన తన షావుకారు పేరు చూశాడు. పడవలో బేరగాడు అడిగాడట, "ఇదీ మీదేనా?" అని.

ఆ మధ్యాహ్నమే హోంగ్ మా కొట్టానికి వచ్చాడు. గొడుగు మూసి నాకు ఆనించి పెట్టాడు. నీళ్లు నా మీద కారాయి.

"ఎవరు రాశారు?"

"నేనేనండి," అన్నాడు మెంగ్, నా మీదనుంచి దిగకుండానే.

"చక్కగా రాశావు. అదే వచ్చింది చిక్కు. రేపట్నుంచి హెంగ్ యీ బట్ట తొక్కినవాళ్లకి రోగాలని బజార్లో చెప్పుకుంటారు. బట్టకి కూడా రోగం అంటిందంటారు. ఈ పేరు నిలబెట్టడానికి మా షావుకారు తాతల నాటి నుంచి కష్టపడ్డారు బాబూ."

"తీసేస్తాం. వేరే పేరు మీరే పెట్టి ఇవ్వండి."

"పేరొకటే కాదు. ఇవాళ పాక కట్టారు. రేపు పాకలో పదిమంది కూర్చుంటారు. ఎల్లుండి కూలి సంగతి మాట్లాడతారు."

వాడు మెత్తగా చెప్పాడు. నేను ఎన్నో గొంతులు విన్నాను. మేస్త్రి తిట్లు విన్నాను, సిపాయిల కేకలు విన్నాను. ఆ మెత్తటి గొంతంత గట్టిగా నా మీద ఏదీ పడలేదు.

హోంగ్ కచేరీలో ఫిర్యాదు పెట్టాడు. దుకాణం ముద్రను దొంగతనంగా వాడారని. నేను కచేరీకి పోలేదు. రాళ్లను సాక్ష్యానికి పిలవరు. కొట్టంలో వాళ్లు తర్వాత చెప్పుకున్నది చెబుతున్నాను. న్యాయాధికారి మెంగ్‌ని, ఆ అక్షరాలకి అర్థం తెలుసా అని అడిగాడు.

"మంచి బట్ట అని కదా దొరా," అన్నాడు మెంగ్.

కచేరీ అంతా నవ్వింది. అధికారి కూడా నవ్వాడు. తర్వాత అర్థం చెప్పాడు. చెక్కు చెదరని న్యాయం అని దాని అర్థం. అది చెప్పి శిక్ష వేశాడు. పాక పీకెయ్యాలి. మెంగ్‌ని వెదురు బద్దతో కొట్టి, మెడకు చెక్క బిగించి కొట్టం వాకిట నిలబెట్టాలి. ఆ తర్వాత సొంత జిల్లాకు తోలెయ్యాలి. ఇంకా, అందరికీ తెలిసేలా శిలాఫలకం ఒకటి పాతాలి. షావుకార్ల ముద్రను ఎవడూ నకలు చెయ్యకూడదు, బట్ట తొక్కేవాళ్లు ధర్మశాలల పేరు చెప్పి గుంపులు కూడకూడదు అని దాని మీద చెక్కారు. అదీ రాయే. ఏ కొండదో నాకు తెలియదు. నా కొండది కాకపోతే బాగుండును.

పాక పీకిన రోజు వాన పడుతూనే ఉంది. మిగతావాళ్లు ఎటు పోయారో తెలియదు. యాన్‌ని మా వాళ్లు ఎత్తుకొచ్చి కొట్టంలో, నాకూ గోడకూ మధ్య పడుకోబెట్టారు. నేల పొడిగా ఉంది. వాకిట్లో మెంగ్ మెడకు చెక్కతో నిలబడ్డాడు. ఆ చెక్క ఎంత వెడల్పంటే చెయ్యి నోటిదాకా రాదు. ఎవడో ఒకడు పని మధ్యలో పోయి వాడి నోట్లో ముద్ద పెట్టి వచ్చేవాడు.

లోపలినుంచి యాన్ పిలిచాడు. "ఏరా, కాళ్లు నొప్పా?"

"కాళ్లకి ఇప్పటికి సెలవు దొరికింది అన్నా. మెడ తొక్కుతోంది బట్ట."

"నడుం నిటారుగా పెట్టు. బరువు నడుం మీదకి పోనీ."

"ముసలాడివి, ఇంకా పాఠమేనా?"

"తడుస్తున్నావా?"

"లేదు," అన్నాడు మెంగ్. తడుస్తున్నాడు.

"నేను తడవట్లేదు," అన్నాడు యాన్. ఆ మాట అంటున్నప్పుడు వాడి గొంతులో ఉన్న తృప్తి నేను మూడు వందల ఏళ్లలో ఏ షావుకారు గొంతులోనూ వినలేదు.

మేస్త్రి లియావ్ వచ్చాడు. పూచీ లేనివాడు కొట్టంలో ఉంటే తన మెడకీ చెక్క పడుతుందన్నాడు. అది అబద్ధం కాదు. అందుకే నాకు అతని మీద కోపం పూర్తిగా పెట్టుకోవడం కుదరదు, సగమే పెట్టుకున్నాను. బయటికి మోసెయ్యమన్నాడు. ఎవరూ కదల్లేదు. నా మీద ఉన్నవాడు దిగాడు. పక్కరాతి మీదవాడు దిగాడు. కబురు వీధిలోకి పోయింది. కాసేపటికి వీధంతా చప్పుడు ఆగిపోయింది. అన్ని రాళ్లు ఒకేసారి కదలకుండా ఉండటం నేను పనిలోకొచ్చాక అదే మొదటిసారి. మాకు రాళ్లకు అది సహజంగా ఉండాల్సిన స్థితి. ఎంతో హాయిగా అనిపించింది.

సిపాయిలు వచ్చారు. ఎక్కువమందే వచ్చారు. మళ్లీ రాళ్లు ఎక్కారు మనుషులు. ఎక్కక ఏం చేస్తారు, సాయంత్రం గంజి తాగాలి. సిపాయిలే యాన్‌ని చాపతో సహా ఎత్తి గోడకు అవతల, వీధి పక్కన పెట్టారు. చూరు ఉంది గాని, చూరు నీళ్లు సరిగ్గా అక్కడే పడతాయి. నాకూ యాన్‌కీ మధ్య ఒక మట్టి గోడ. మెంగ్ వాకిట్లోంచి చూస్తున్నాడు. నాలుగు అడుగులు వేసి పక్కకి పోతే చెక్క అంచు యాన్ మొహం మీదకి గొడుగులా వచ్చేది. కదలబోయాడు. కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడు. అవతల దగ్గు వినిపించింది. తర్వాత వాన చప్పుడే వినిపించింది.

శవానికి చుట్టడానికి లియావ్ ఒక తాను ముక్క ఇచ్చాడు. మనసు పీకింది కాబోలు. నా కింద నలిగిన బట్టే, నీలం రంగు. చుట్టి, తాడు కట్టబోతుండగా హోంగ్ వచ్చాడు. చేతిలో కత్తెర ఉంది. తాను కొస బయటికి లాగాడు. ముద్ర ఉన్నంత మేరకు కత్తిరించాడు.

"శవం మీద పేరు పోకూడదు," అన్నాడు, ఎవరూ అడగకుండానే.

పీలికను మడతపెట్టి అంగీ చేతిలో దోపుకున్నాడు. పోతూ పోతూ, అలవాటు కాబోలు, బట్ట మీద బొటనవేలుతో ఒకసారి రుద్ది చూశాడు.

"బాగా తొక్కారు," అన్నాడు.

నాకు నోరుంటే అప్పుడు ఉండాల్సింది.

మెంగ్‌ని జిల్లాకు తోలేశారు. చేరాడో లేదో ఎవరూ చెప్పలేదు. నా మీద వేరేవాళ్లు ఎక్కారు, దిగారు, పోయారు. కొన్నేళ్లకి, చాలా ఏళ్లకి, సముద్రం దాటి యంత్రం బట్ట వచ్చింది. పుట్టుకతోనే మెరిసే బట్ట. దాని కొస మీద కూడా ఏదో ముద్ర ఉంది. మాతో పని లేకుండా పోయింది. హెంగ్ యీ దుకాణం మూతపడింది. పేరు మాత్రం మూతపడలేదు. దాన్ని ఎవరో కొనుక్కున్నారు. వాళ్ల దగ్గర ఇంకెవరో కొనుక్కున్నారు. బట్ట లేదు, దుకాణం లేదు, షావుకారు లేడు, పేరు చేతులు మారుతూ బతికింది. నన్ను కాలవ గట్టున పారేశారు. నా మీద కుక్కలు పడుకున్నాయి. వాటికి ఎవరూ పూచీ అడగలేదు.

ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాను. క్రేను పెట్టి ఎత్తుకొచ్చారు. పక్కన పలక మీద నా బరువు రాశారు, హెంగ్ యీ దుకాణం ఘనత రాశారు. పిల్లలొచ్చి ఫొటో దిగుతారు. తొక్కినవాళ్ల పేర్లు లేవు. దానికి నాకు ఆశ్చర్యం లేదు, ఆ నగరం గురించి నాకు తెలుసు. నా కోపం పలక మీద కాదు, నా పైనున్న కప్పు మీద. కొండలో పుట్టి, వానలో పెరిగినదాన్ని. వాన నన్నేం చేస్తుంది? అయినా నాకోసం కప్పు వేశారు. మొన్న ఒక మూల చెమ్మ కనిపిస్తే నలుగురు నిచ్చెన పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. నా మీద దుప్పటి కప్పారు. సాయంత్రానికల్లా బాగుచేశారు. ఒక్క చుక్క కూడా నా మీద పడలేదు.

నా చుట్టూ తాడు కట్టారు. నాకూ తాడుకీ మధ్య కాస్త ఖాళీ నేల ఉంది. పొడి నేల. ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. అక్కడికి ఎవరూ రాకూడదని బల్ల రాసి పెట్టారు.